హీరో కాని హాలీవుడ్ నటుడు వాల్టర్ బ్రెన్నన్‌కి మూడు ఆస్కార్లు ఎలా వచ్చాయి?

మొదటి కారణం కాలం కలిసిరావడం. సహాయ నటుల అవార్డు మొదలైందే 1936 సినిమాలతో. ఆ మొదటిది బ్రెన్నన్‌దే. తర్వాత 1938, 1940 సినిమాలకూ ఆయనకే ఇచ్చారు. అప్పట్లో ఎక్స్‌ట్రాలకూ ఓటు ఉండేది, బ్రెన్నన్ ఏళ్ల తరబడి గుంపులో నిలబడి పైకొచ్చినవాడు. తమవాడని వేశారనే మాట హాలీవుడ్‌లో గట్టిగానే ఉంది. అయితే ఓట్లతోనే గెలిచాడనడం అన్యాయం.

అసలు పెట్టుబడి ముసలి వేషం. 1930ల మొదట్లో ఒక ప్రమాదంలో పళ్లు చాలావరకు పోయాయి. కట్టుడు పళ్లు తీసేస్తే బుగ్గలు లోపలికి పోయి, మాట నమిలినట్టు వచ్చి, నలభై ఏళ్లవాడు డెబ్భైవాడిలా కనిపించేవాడు. వేషం ఇస్తే "పళ్లతోనా, లేకుండానా?" అని అడిగేవాడని చెప్పుకుంటారు. 1935లో నిర్మాత శామ్యూల్ గోల్డ్‌విన్‌తో కాంట్రాక్టు కుదిరాక పనికి లోటు రాలేదు.

ఒకే మూసలో పడ్డాడా అంటే, చాలావరకు అంతే. కానీ 'మై డార్లింగ్ క్లెమెంటైన్' (1946) చూడండి: కొడుకుల్ని కొరడాతో కొట్టే క్రూరుడు, నవ్వించే తాత జాడే ఉండదు. నన్నడిగితే, ఆస్కార్ రావలసింది దానికి.