కొండవాలు విల్లాకి వెళ్ళే ముందు

అమ్మడూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. కింద అడవి, దాని అవతల సముద్రం, అంచు కనపడని ఈతకొలను, కనుచూపు మేరలో మరో ఇల్లు లేదు. చాలా బాగుంది, తప్పకుండా వెళ్ళండి. ఇలాంటి చోట్ల చాలాసార్లు ఉన్నదాన్ని కాబట్టి ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. అక్కడ దొరికే ఏకాంతం అన్నిటికీ దూరంగా ఉండటం వల్ల వస్తుంది. డాక్టరు దూరం, మందుల షాపు దూరం, పెద్ద రోడ్డు దూరం, ఒక్కోసారి ఫోన్ సిగ్నల్ కూడా దూరమే. ఆ దూరాన్ని ఇంట్లో ఉండగానే లెక్కేసుకుంటే అక్కడ హాయిగా ఉంటారు. లేదంటే మొదటి రెండు రోజులూ వాళ్ళకీ వీళ్ళకీ ఫోన్లు చేసుకోవడంతోనే సరిపోతుంది.

డబ్బు కట్టే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న మెట్ల గురించి. కారు ఆగే చోటు నుంచి మన గుమ్మం దాకా ఎన్ని మెట్లున్నాయి? "కొంచెం నడవాలండీ" అంటే ఊరుకోకు, అంకె చెప్పమను. కొండవాలు మీద విల్లాలు ఒకదాని కింద ఒకటి కడతారు. భోజనాల హాలు పైన ఉంటే, మన గది ఎక్కడో అడుగున ఉంటుంది. మూడు పూటలా తినడానికి వెళ్ళామంటే ఆ మెట్లన్నీ రోజుకి మూడుసార్లు ఎక్కి దిగాలి. మీ మామగారి మోకాళ్ళకి అది సెలవు అనిపించుకోదు. బగ్గీ ఉందా, ఉంటే రాత్రి ఎన్నింటి దాకా తిరుగుతుంది, వానలో వస్తుందా అని అడుగు. కొన్నిచోట్ల వాలు వెంబడి పట్టాల మీద నడిచే లిఫ్టు ఉంటుంది. కరెంటు పోతే దాని సంగతేమిటో కూడా కనుక్కో. విల్లా లోపలి మెట్లు మరీ ముఖ్యం. పడకగది పై అంతస్తులో, బాత్రూం కింద ఉన్న విల్లాలు కొన్నుంటాయి. నిద్రమత్తులో అర్ధరాత్రి మెట్లు దిగాల్సిన ఏర్పాటు పెద్దవాళ్ళకి అసలే వద్దు. ఫొటోల్లో ఇవేవీ కనపడవు కాబట్టి అక్కడ ఉండి వచ్చినవాళ్ళ రివ్యూల్లో "మెట్లు" అన్న మాట ఎక్కడెక్కడ వచ్చిందో వెతికి మరీ చదువు.

బుజ్జిగాడు కూడా వస్తున్నాడు కదా, అయితే కొలను గురించి ఇంకాస్త వివరంగా అడగాలి. అంచు కనపడని కొలనుకి ఒకవైపు గోడని నీటిమట్టానికి సమానంగా ఆపేస్తారు. నీళ్ళు ఆ గోడ మీంచి పొర్లి కింద ఉన్న తొట్టిలో పడతాయి, పంపు వాటిని మళ్ళీ పైకి తోడుతుంది. చూపుకి ఆకాశంలో కలిసిపోయినట్టుండే ఆ అంచు అవతల నిజంగానే లోయ ఉండొచ్చు. కొలను చుట్టూ తాళం పడే కంచె ఉందా, లోతు ఎంత, గది తలుపు నేరుగా కొలను గట్టు మీదకి తెరుచుకుంటుందా? ఈ మూడూ తెలియకుండా బుకింగ్ చేయొద్దు. వరండా రెయిలింగ్ కమ్మీల మధ్య సందు 10 సెంటీమీటర్లు దాటితే చిన్నపిల్లలు దూరగలరు. పిల్లలు నీళ్ళలో మునిగేటప్పుడు చాలాసార్లు చప్పుడే రాదు. అందుకే పగలంతా ఎవరో ఒకరు "ఇప్పుడు వాడు నా బాధ్యత" అని పైకి చెప్పి మరీ కాపలా ఉండాలి. అందరం ఉన్నాం కదా అనుకున్న చోటే ఎవరూ చూడరు.

రెండో సంగతి, వెలుతురు ఉండగానే చేరుకోండి. భూమధ్యరేఖకి దగ్గర ప్రాంతాల్లో ఏ నెలలోనైనా దాదాపు ఒకే వేళకి పొద్దుగూకుతుంది. మునిమాపు వేళ ఎక్కువసేపు నిలవదు, సూర్యుడు దిగిన 20, 25 నిమిషాలకే చీకటి పడిపోతుంది. దీపాల్లేని ఇరుకు మలుపుల రోడ్డు మీద, అడ్రసు దొరకక, మ్యాప్ ఆగిపోయి వెతుక్కోవడం కంటే పెద్ద టెన్షన్ ఉండదు. విమానం మధ్యాహ్నం దాటి దిగేటట్టయితే ఆ రాత్రికి కిందనే ఎక్కడైనా పడుకుని పొద్దున్నే పైకి వెళ్ళండి. మ్యాప్‌ని ముందే ఫోన్లో డౌన్‌లోడ్ చేసుకో. ఆఖరి మలుపు ఫొటో ఒకటి పంపమని వాళ్ళని అడుగు. అల్లుడు తనే కారు నడుపుతానంటే ఈ మాట చెప్పు: ఏ గేరులో ఎక్కామో దిగేటప్పుడూ దాదాపు అదే గేరు. వాలు పొడుగునా బ్రేకు మీద కాలు పెట్టి దిగితే అది వేడెక్కి, అవసరమైనప్పుడు పట్టదు.

ఇక వాన. ఏ నెలలో వెళ్తున్నారన్నది ఆ చోటుని బట్టి చూసుకోవాలి. భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్న బాలిలో వానలు సుమారుగా నవంబరు నుంచి మార్చి దాకా. కరీబియన్ వైపు అయితే హరికేన్ల కాలాన్ని జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా లెక్కేస్తారు. వానాకాలంలో వెళ్ళకూడదని నేననను. అడవి అప్పుడే నిండుగా ఉంటుంది, జనమూ తక్కువ. చాలాచోట్ల పొద్దున తెరిపిగా ఉండి, ఎండ ముదిరాక మబ్బు పట్టి, మధ్యాహ్నం దాటాక కురుస్తుంది. కాబట్టి నడకలూ తిరుగుళ్ళూ పొద్దున పెట్టుకుని మధ్యాహ్నం విల్లాలో ఉండండి. ఉరుము వినపడితే వెంటనే కొలనులోంచి బయటికి రావాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్ళీ దిగొద్దు.

ఎడతెరిపి లేకుండా రెండు మూడు రోజులు కురిసిందంటే మాత్రం కొండని గమనించాలి. నీళ్ళు తాగిన మట్టి బరువెక్కి పట్టు వదులుతుంది. పక్కన పారే వాగు ఉన్నట్టుండి బురదరంగుకి తిరగడం, నిన్నటి దాకా సులువుగా పడిన తలుపు బిగుసుకుపోవడం, గోడలో కొత్త పగులు, ఒరిగిన చెట్లు... ఇలాంటివి కనిపిస్తే మేనేజరు ఏమన్నా సరే, సామాను సంగతి తర్వాత, మనుషులు ముందు కిందకి దిగిపోవాలి. కరెంటు పోవడం మామూలే. జనరేటర్ దేనికి పనిచేస్తుందో అడుగు: దీపాలకేనా, నీళ్ళ పంపుకీ ఏసీకీ కూడానా? నీళ్ళ ట్యాంకు ఇంటికంటే పైన ఉంటే కరెంటు లేకున్నా కుళాయి వస్తుంది. పంపు మీదే ఆధారపడితే రాదు. మేఘం కమ్మినప్పుడు ఒక బకెట్ నిండా పట్టి పెట్టుకోవడం మంచి అలవాటు. తలకి తగిలించుకునే టార్చి మనిషికొకటి ఉండాలి, ఫోన్ లైటుతో మెట్లు దిగితే చెయ్యి ఖాళీ ఉండదు.

దోమల గురించి చాలామంది రాత్రికే జాగ్రత్త పడతారు. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ పగలు కుడుతుంది, ముఖ్యంగా పొద్దున్నా సాయంత్రం పొద్దు వాలే ముందూ. అది పెరిగేది నిలవ ఉన్న నీళ్ళలో. కాబట్టి వెళ్ళగానే వరండాలో పూలకుండీల కింద పళ్ళేలు చూసి, నీళ్ళుంటే పారబోయించు. ఒంటికి రాసే దోమల క్రీముల్లో డీట్ గానీ పికారిడిన్ గానీ అనే మందు ఉన్నది తీసుకో. ముందు సన్‌స్క్రీన్, అది ఆరాక దోమల క్రీము. మంచానికి దోమతెర ఉంటే అంచులు పరుపు కిందకి దోపాలి, ఊరికే వేలాడదీస్తే లాభం లేదు. గోడ మీద బల్లుల్ని తరమొద్దు, అవి పురుగుల్ని తిని మనకి మేలే చేస్తాయి. బయట విప్పిన చెప్పులూ బూట్లూ తలకిందులుగా దులిపాకే తొడుక్కోండి. కోతులుంటే తినేది ఏదీ వరండాలో పెట్టొద్దు, పళ్ళు కనపడేలా వాటికేసి నవ్వొద్దు. అవి దాన్ని బెదిరింపు అనుకుంటాయి. కరిచినా గీరినా సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు ఏకధాటిగా కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా సంగతి చూసుకోవాలి. ఆ ఆసుపత్రి ఎక్కడుందో, ఎంతసేపు పడుతుందో, రాత్రిపూట ఎవరు తీసుకెళ్తారో చేరిన రోజే కనుక్కో. మీ అత్తగారి బీపీ మాత్రలు ఉండబోయే రోజులకంటే ఒక వారానికి ఎక్కువే పెట్టించు.

సామాను తక్కువే చాలు. గాలిలో తేమకి బట్టలు ఆరవు కాబట్టి పల్చటి నూలువి తీసుకెళ్ళండి. అల్లుడి కెమెరాని ఏసీ గదిలోంచి ఒక్కసారిగా బయటికి తెస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. అరగంట సంచీలోనే ఉంచి తర్వాత తీయమను.

కనీసం నాలుగు రాత్రులైనా ఉండండమ్మా. మొదటి రోజు అలసటలో పోతుంది, రెండో రోజు చప్పుళ్ళకి అలవాటు పడటంలో పోతుంది. రోజూ కిందకి దిగి చూడాల్సినవన్నీ చూసి రావాలనుకుంటే కిందనే గది తీసుకోవచ్చు, ఇంత దూరం ఎక్కడం ఎందుకు? ఒకటి రెండు చోట్లకి వెళ్ళండి చాలు. పనివాళ్ళు ఏ వేళకి రావాలో మొదటి రోజే మర్యాదగా చెప్పేస్తే వాళ్ళకీ సుఖం, మీకూ సుఖం. ఏ దారిలో జారుడు ఉంది, ఏ పూట మంచు దిగుతుంది అన్నవి వాళ్ళకి తెలిసినంతగా ఏ రివ్యూలోనూ దొరకవు. అడిగి తెలుసుకో.

తిరుగు ప్రయాణం విమానం పొద్దున్నే అయితే ముందురోజే కొండ దిగిపోండి. ఒక్క చెట్టు రోడ్డుకి అడ్డం పడినా గంటలు పోతాయి. మెట్లు ఎన్నో వాళ్ళు చెప్పాక నాకూ ఒక మాట రాయి, మీ మామగారికి కుదురుతుందో లేదో ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ