తాళు కాదు తమ్ముడూ, తుల

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఓర్చుకోవడం అనే అర్థంలో ఇంగ్లీషులో ‘థోల్’ అనే క్రియ ఉందని, అది మన ‘తాళు’ నుంచే పుట్టిందని రాశావు. ‘తాళలేను’ గుర్తుకు రాగానే నీకెంత సంబరం కలిగి ఉంటుందో ఊహించగలను. నీ వయసులో నేనూ ఇలాగే ఒక మాట పట్టుకుని పది పేజీలు రాసి, సంపాదకుడి చేత చీవాట్లు తిన్నాను.

తాళు ద్రావిడ మాట. కన్నడంలోనూ తాళు అంటే ఓర్చుకోవడమే. థోల్ పుట్టిల్లు వేరు. పాత ఇంగ్లీషులో అది ‘థోలియన్’, జర్మన్ ‘డుల్డెన్’ దానికి దగ్గర చుట్టం. సంస్కృతం, లాటిన్, ఇంగ్లీషు, జర్మన్ అన్నీ ఒకే మూలభాష నుంచి వచ్చినవి. తమాషా ఏంటంటే, వాటిలో ఇంగ్లీషు, జర్మన్ ఉన్న శాఖలో పాత ‘త’ కాస్తా ‘థ’ అయింది. సంస్కృతంలో ‘త్రి’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘థ్రీ’ ఉంది చూడు, అలా. ఈ మార్పుల్ని 1822లో సూత్రంగా పెట్టింది యాకబ్ గ్రిమ్, పిల్లల కథలు పోగేసిన అన్నదమ్ముల్లో పెద్దాయన. ఆ ‘థ’ని వెనక్కి ‘త’ చేసి చూస్తే మోయడం, ఎత్తడం అనే ధాతువు దొరుకుతుంది. లాటిన్ మీదుగా వచ్చిన ‘టాలరేట్’ దాని బిడ్డే. సంస్కృతం నుంచి వచ్చిన మన తుల కూడా! తులాభారం, బంగారం కొట్లో తులం అన్నీ అక్కడివే. చుట్టరికం ఉంది గానీ నువ్వు తట్టిన గుమ్మం అది కాదు.

పడవ తెడ్డుకి ఆనికగా కొట్టే మేకునీ థోల్ అంటారు. స్పెల్లింగ్ ఒకటే, మాట వేరు. తెడ్డు బరువుని ఓర్చుకుంటుంది కాబట్టి ఆ పేరొచ్చిందన్న నీ వాక్యం ముచ్చటగా ఉంది. కొట్టెయ్.

నువ్వు వదిలేసిందే అసలు కథ. ఐరిష్ కవి షేమస్ హీనీ పాత ఇంగ్లీషు వీరకావ్యం ‘బేవుల్ఫ్’ అనువాదానికి కూర్చుని, పదకోశంలో థోలియన్ చూసి ఆగిపోయాడు. ఉత్తర ఐర్లాండ్‌లో తన పల్లెలో, పెద్దగా చదువుకోని ముసలివాళ్ళ నోట విన్న మాట అది. అనుకోని చావు జరిగిన ఇంటి గురించి హీనీ బంధువొకామె, వాళ్ళిక థోల్ చెయ్యడం నేర్చుకోవాల్సిందే అనేదట. వ్యాసం అక్కడ మొదలుపెట్టు, గ్రిమ్‌ని తర్వాత పిలవచ్చు.

మా అమ్మ పొయ్యి మీద పాలు పొంగుతుంటే, మేం గ్లాసులు పట్టుకుని ఎగబడితే, ‘తాళరా, తాళు’ అనేది. అందులో ఓర్పు కన్నా ఆగమనడమే ఎక్కువ. మీ వైపు ఎలా అంటారో మీ నానమ్మని అడిగి రాయి. ఈసారి నాలుగు పేజీలు దాటనివ్వకు.