రాత్రి వచ్చిన వాసన తెల్లారేసరికి ఎక్కడికి పోతుంది?

హైదరాబాదులోని జీడిమెట్ల పారిశ్రామికవాడకు దగ్గరలో ఫ్లాట్ చూశామనీ, రాత్రిళ్లు మందుల ఫ్యాక్టరీల వాసన వస్తున్నా తెల్లారేసరికి పోతోందనీ, వాసన పోయిందంటే గాలి బాగుపడినట్టే కదా అనీ మీరు అడిగారు.

బాగుపడినట్టు కాదు. నేను ఇరవై రెండేళ్లు బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థాలు తయారుచేసే) కంపెనీల్లో ప్రొడక్షన్ కెమిస్టుగా పనిచేశాను, ఆ పారిశ్రామికవాడ పక్కనే చింతల్‌లో సొంత ఇంట్లో ఉంటున్నాను. వాసన పోవడం వేరు, ఆ వాసన తెచ్చిన పదార్థం పోవడం వేరు అన్న సంగతి అంత ఉద్యోగం చేసినా నాకు పట్టలేదు. ఒక డిసెంబరు సాయంత్రం మా పడకగదిలో పట్టింది.

మా మనవరాలికి అప్పుడు నాలుగేళ్లు. చలికాలం వస్తే పిల్లకు ఆయాసం, నెబ్యులైజర్ బయటికి తీయని వారం ఉండేది కాదు. రాత్రి పదకొండు దాటాక కిటికీ సందుల్లోంచి టోలీన్ వాసన వచ్చేది; అది మందుల తయారీలో పదార్థాలను కరిగించడానికి వాడే ద్రవాల్లో, అంటే సాల్వెంట్లలో, ఒకటి. ఆ వాసనను నేను నిద్రలో కూడా గుర్తుపడతాను. నేల చల్లబడి, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చోవడం వల్ల వదిలినదంతా వీధిలోనే నిలిచిపోయేది. ఫిర్యాదు చేస్తే ఒక అధికారి మర్నాడు ఉదయం పదకొండు గంటలకు వచ్చి, మేడ మీద నిలబడి గాలి పీల్చి, "ఇప్పుడు వాసనేమీ లేదు కదండీ" అని రాసుకుని వెళ్లారు. పన్నెండు గంటలు ఆలస్యంగా వచ్చి లేదనడం ఏం న్యాయమో నాకు ఈనాటికీ అర్థం కాదు.

ఆ బాధలో మా అబ్బాయి గాలిని శుభ్రపరుస్తుందని చెప్పి ఒక అయాన్ యంత్రమూ, పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని నలుసుల లెక్క) చూపించే అరచేతంత మీటరూ కొనుక్కొచ్చాడు. యంత్రం పెట్టిన కాసేపటికి గదిలో జిరాక్స్ షాపులో వచ్చే ఘాటు వాసన తగిలింది, అది ఓజోన్. అదే సాయంత్రం మా ఆవిడ నిమ్మ వాసన వచ్చే ఫినాయిల్‌తో గది తుడిచి, పిల్లకు చలిగాలి తగలకూడదని కిటికీలు మూసింది. అరగంటలో నిమ్మ వాసన పూర్తిగా పోయింది, "మిషన్ బాగా పనిచేస్తోంది" అని అందరం సంతోషించాం. నేను మీటరు వైపు చూస్తే 42 దగ్గర ఉండాల్సిన అంకె 97కు చేరింది. గదిలో అగరుబత్తి లేదు, దోమల చుట్ట లేదు, వంటగది తలుపు మూసి ఉంది. మర్నాడు ఫినాయిల్ ఒక్కటే వాడి చూశాను, ఆ తర్వాతి రోజు యంత్రం ఒక్కటే పెట్టి చూశాను. రెండుసార్లూ అంకె పెద్దగా కదల్లేదు. రెండూ కలిసిన రోజే పెరిగింది.

నిమ్మ వాసననిచ్చే లిమోనీన్ అణువులో రెండు ద్విబంధాలు (పరమాణువుల మధ్య జంట బంధాలు) ఉంటాయి. ఓజోన్ వాటిని తెంచి, ఆ చోట ఆక్సిజన్‌ను చేరుస్తుంది. ఆక్సిజన్ చేరిన కొద్దీ ఆ ముక్కల బాష్ప పీడనం, అంటే ఆవిరయ్యే గుణం, పడిపోయి, ఆవిరిగా ఉండలేక, దొరికిన నలుసు మీద పేరుకుంటాయి; కొన్ని తమలో తామే జట్టుకట్టి కొత్త నలుసులవుతాయి. మా గదిలో వాసన పోయింది అందుకే: ముక్కుకు తెలిసే ఆవిరి కాస్తా, ముక్కుకు తెలియకుండా ఊపిరితిత్తుల అడుగు దాకా దిగే కణంగా మారింది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లనుకుంటే, ఈ కణాలు రెండున్నర మైక్రాన్లలోపు, చాలావరకు ఒక మైక్రాన్ కంటే కూడా చిన్నవి.

ఊరి మీద జరిగేదీ ఇదే, కాకపోతే నెమ్మదిగా జరుగుతుంది. పొద్దున నేల వేడెక్కి ఆ మూత లేచిపోగానే ఆవిరి చెదిరి పలచబడుతుంది, అందుకే వాసన తెలియదు; అది మారడం ఆ తర్వాత సాగుతుంది. టోలీన్ మీద ఓజోన్ ప్రభావం దాదాపు లేదు. ఎండ వల్ల గాలిలో పుట్టి, సెకను కూడా నిలవని హైడ్రాక్సిల్ రాడికల్ అనే చురుకైన అణు ముక్క దాని మీద పడుతుంది. జైలీన్ అనే మరో సాల్వెంటు ఒక పగటిలోనే చాలావరకు మారిపోతుంది, టోలీన్‌కు ఒకటి రెండు రోజులు పడుతుంది. మొత్తమంతా కణాలే అవుతుందని నేను అనను, కొంత భాగం చివరికి కార్బన్ డయాక్సైడ్ దాకా పోతుంది. అయినా వాసన మా చింతల్ వాళ్లది, దాని నుంచి పుట్టిన కణాలు గాలి ఎటు వీస్తే అటున్న ఊళ్లవాళ్లవి.

ఇది కొత్తగా తెలిసిన విషయమూ కాదు. అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో అనాస పండు పరిమళం మీద పనిచేస్తున్న హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త, లాస్ ఏంజెలెస్ పొగమంచు కార్ల నుంచీ, చమురు శుద్ధి కర్మాగారాల నుంచీ వచ్చే ఆవిర్లు ఎండలో మారడం వల్లనే పుడుతోందని 1950 ప్రాంతంలోనే తేల్చారు. వాసనలను చదివిన మనిషి కనుకనే ఆయనకు అది అంతుపట్టిందని నా నమ్మకం. మన దగ్గర మాత్రం గాలి అనగానే దుమ్ము, బండ్ల పొగ తప్ప వేరే మాట ఉండదు. 1960ల్లో బాలానగర్ పక్కన ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల కర్మాగారం వచ్చినప్పటి నుంచీ ఈ వైపంతా సాల్వెంట్ల మీదే బతుకుతున్నా, 2014లో వచ్చిన మన గాలి నాణ్యత సూచీ లెక్కించే ఎనిమిదింటిలో టోలీన్ గానీ, మరే సాల్వెంటు ఆవిరి గానీ లేదు. కణంగా మారాక పీఎం 2.5 కింద లెక్కకు వస్తుంది, అప్పటికి అది ఎవరి డ్రమ్ము నుంచి లేచిందో చెప్పేవారుండరు. అందులోనూ 2009 నాటి మన పరిమితి రోజుకు సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినది 15. ఆవిరిని చల్లబరిచి పట్టుకునే రికవరీ కండెన్సర్‌కు చల్లటి బ్రైన్ (ఉప్పునీరు) సరిగ్గా అందిస్తే ఈ ఆవిరిలో చాలా భాగం ఫ్యాక్టరీలోనే తిరిగి ద్రవమవుతుంది. ఆ సాల్వెంటుకు ధర కూడా ఉంది. నేను చేసి చూసిన పని కనుక గట్టిగా చెబుతున్నాను.

ఫ్లాట్ సంగతి: అడ్వాన్స్ ఇచ్చేముందు డిసెంబరులో ఒక రాత్రి పదకొండు దాటాక ఆ మేడ మీద గంటసేపు నిలబడి చూడండి. ఇంట్లో ఆయాసమున్న పిల్లలు ఉంటే తీసుకోవద్దు. తీసుకున్నా ఓజోన్ వదిలే యంత్రాన్ని మాత్రం కొనకండి. మాది ఆ వారమే అటక ఎక్కింది, పిల్ల పడుకునే గదిని అప్పటి నుంచి ఉత్త నీళ్లతోనే తుడుస్తున్నాం.