అత్తగారి కథకు అడ్డుతగిలిన వెటకారం

ప్రశ్న: నాకు దేవుడి మీద నమ్మకం లేదు. మా ఎనిమిదేళ్ల పాపకు అత్తగారు హనుమంతుడు సూర్యుణ్ణి పండనుకొని ఎగిరిన కథ చెబుతుంటే, "అయిదున్నర వేల డిగ్రీల వేడికి మూతి కాలలేదా?" అన్నాను. పాప పగలబడి నవ్వింది. ఆనాటి నుంచి ఆవిడ కథలు చెప్పడం మానేశారు, నా భార్య ముభావంగా ఉంటోంది. ఇంట్లో శాంతి కోసం నేను నమ్మినట్టు నటించాలా?

సలహా: నటించనక్కర్లేదు. మీరు అడిగిన ప్రశ్న కూడా మంచిదే. ఎంత మంచిదంటే రామాయణ ఉత్తరకాండలోనే దానికి జవాబుంది. ఏమీ తెలియని పసివాడని, ముందు ముందు అతనివల్ల జరగవలసిన పని ఉందని తలచి సూర్యుడు అతణ్ణి కాల్చలేదనీ, తండ్రి వాయుదేవుడు మంచులా చల్లబడి కొడుకు వెంటే వెళ్లాడనీ అందులో చెప్పారు. మూతి సంగతీ ఉంది: ఇంద్రుడి వజ్రాయుధం తగిలి ఆ పిల్లవాడి దవడ విరుగుతుంది. ఈ జవాబులు భౌతికశాస్త్రం ముందు నిలవవు, నిజమే; కాని కథ అల్లినవాళ్లకే ఆ సందేహం వచ్చిందని, మీరు కొత్తగా పట్టుకున్న లొసుగేమీ లేదని వాటివల్ల తెలుస్తుంది.

మీ అత్తగారికి ఈ జవాబు తెలిసే ఉండవచ్చు, చెప్పే వ్యవధి మీరివ్వలేదు. అడిగింది ఆవిడనే అయినా, మీకు కావలసింది పాప నవ్వు. మనవరాలి ఎదుట నవ్వులపాలయ్యానన్నదే ఆవిడ బాధ అయి ఉంటుంది తప్ప, అల్లుడికి భక్తి లేదన్నది కాదు. ఆ సంగతి ఆవిడకు ఎప్పుడో తెలిసి ఉంటుంది.

భక్తులకు హాస్యం గిట్టదనీ అనుకోకండి. చెరసాలలో మగ్గిన రామదాసు, తాను చేయించిన నగలు పెట్టుకొని కులుకుతున్నావని రాముణ్ణే ఎత్తిపొడిచాడు. ఆ చనువు ఆయనకు భక్తి వల్ల వచ్చింది. అత్తగారి దగ్గర మీకింకా అంత చనువు ఏర్పడినట్టు లేదు. వాదనకైతే రామాయణంలోనే జాబాలి అనే ముని ఉన్నాడు: పరలోకం లేదని అయోధ్యాకాండలో రాముడికి ముఖాముఖిగానే చెప్పాడు, రాముడు కోపగించాడు, వసిష్ఠుడు సర్దిచెప్పాడు, ఆ మాటలు మాత్రం గ్రంథంలో ఉండిపోయాయి.

పాప దగ్గర లేనప్పుడు ఆవిడతో, "కథ మధ్యలో వెటకారం చేశాను, తప్పే అత్తయ్యా" అని చెప్పి ఊరుకోండి. "సరదాకి అన్నాను" అని చేర్చారా, తప్పంతా ఆవిడ ఉడుకుమోతుతనానిదే అన్నట్టవుతుంది. తరువాత ఎప్పుడైనా పాప ఎదుటే సూర్యుడు ఎందుకు కాల్చలేదో చెప్పమని అడిగి, పూర్తయ్యేదాకా వినండి. "నిజంగా జరిగిందా నాన్నా?" అని పాప అడిగితే మీ అభిప్రాయం దాచనక్కర్లేదు, "జరగలేదని నేననుకుంటాను, జరిగిందని అమ్మమ్మ నమ్ముతుంది, కథ మాత్రం నాకూ ఇష్టం" అంటే చాలు. ఆఖరి ముక్క నిజమైతేనే అనండి.

నమ్మకం పేరు చెప్పి పాపకు జ్వరం మందు మాన్పించే పరిస్థితి వస్తే అది వేరే సంగతి. అక్కడ మొహమాటమూ వద్దు, హాస్యమూ వద్దు, సూటిగా కాదనండి. మీ భార్యతో ఈ విషయం మాట్లాడడం ఆవిడ తల్లితో మాట్లాడిన తరువాతే మంచిది. అత్తగారు వెంటనే కథ మొదలుపెట్టకపోతే మీరు బతిమాలవద్దు, పాపనే అడగనివ్వండి.