పిల్లలతో దేశం చూడబోతే ముందు రాత్రులు లెక్కపెట్టుకోండి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. దసరా సెలవుల్లో మాకు పదకొండు రోజులు వీలు చిక్కుతోంది. మా బాబుకు పదేళ్ళు, పాపకు నాలుగేళ్ళు. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారు కూడా వస్తారు. పిల్లలకు మన దేశం చూపించాలన్నది మావారి కోరిక. ఢిల్లీ, ఆగ్రా, జైపూర్, అమృత్‌సర్, మనాలీ, వారణాసి అన్నీ కలిసొచ్చేలా ఆయన ఒక ప్లాను వేశారు. నాకేమో భయంగా ఉంది. ఇది అయ్యే పనేనా? రైలు మంచిదా, విమానమా? తిండి సంగతి, జబ్బుల సంగతి కూడా దయచేసి చెప్పండి.
ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీ భయంలో న్యాయముంది. మీవారి కోరికా మంచిదే. అయితే ఆ ప్లానులో ఊళ్ళ పేర్లు తీసేసి, ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో వరసగా రాసి చూడండి. ఢిల్లీ నుంచి అమృత్‌సర్ సుమారు 450 కిలోమీటర్లు. మనాలీ 500 కిలోమీటర్ల పైమాట, అందులో చివరి భాగమంతా కొండదారి. వారణాసి మరో దిక్కున దాదాపు 800 కిలోమీటర్లు. ఆరు ఊళ్ళనూ పదకొండు రోజుల్లో ఇరికిస్తే మూడు నాలుగు రాత్రులు బస్సులోనో రైలులోనో గడుస్తాయి, మిగిలిన రాత్రుల్లో కూడా మీ పాప ఒకే పక్క మీద వరసగా రెండు రోజులు పడుకునే అవకాశం ఉండదు. నాలుగేళ్ళ పిల్లకు నిద్ర చెడితే తిండి చెడుతుంది, తిండి చెడితే మూడోనాటికి ఒళ్ళు వెచ్చబడుతుంది, ఆ తరవాత ఇంటిల్లిపాదీ హోటల్ గదిలో కూర్చోవలసిందే.

చిన్నపిల్లలు వెంట ఉన్నప్పుడు చిన్న ఊళ్ళో రెండు రాత్రులకు, పెద్ద ఊళ్ళో మూడు రాత్రులకు తగ్గకుండా ఉండాలన్నది నేను పాటించే లెక్క. దాని ప్రకారం రైల్లో ఒకటి, ఢిల్లీలో మూడు, ఆగ్రాలో రెండు, జైపూర్‌లో మూడు, మొత్తం తొమ్మిది రాత్రులవుతాయి. మిగిలిన రోజును ఇంటికొచ్చాక బట్టలు ఉతుక్కోవడానికీ పిల్లలు బడికి సిద్ధం కావడానికీ ఉంచుకోండి. అమృత్‌సర్‌ను, మనాలీని ఇంకో ఏడాదికి వాయిదా వేయండి. కాశీని మాత్రం ఇలాంటి ప్రయాణంలో ఒక మజిలీగా కలపవద్దని గట్టిగా చెబుతాను. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని మన పెద్దవాళ్ళు అనుకుంటారు. మీ అత్తగారికి ఆ కోరిక ఉంటే, ఒకపూట గంగ చూపించి తిప్పి తీసుకురావడం ఆవిడకు అన్యాయం చేసినట్టే. సికింద్రాబాద్ నుంచి దానాపూర్ వెళ్ళే రైలు వారణాసికి దగ్గరలోని మొగల్‌సరాయి మీదుగానే పోతుంది. ఆ స్టేషన్‌ను ఇప్పుడు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అంటున్నారు. ఆ ప్రయాణం ఆవిడ కోసం విడిగా పెట్టుకోండి.

రైలా విమానమా అన్నారు. వెళ్ళేటప్పుడు రైల్లో వెళ్ళి, వచ్చేటప్పుడు జైపూర్ నుంచి విమానంలో రండి. తిరుగు ప్రయాణానికి అందరూ అలసిపోయి ఉంటారు కాబట్టి అప్పుడు రెండు గంటల్లో ఇల్లు చేరడం మేలు. వెళ్ళేటప్పుడు మాత్రం దేశం ఎంత పెద్దదో కిటికీలోంచి చూడనివ్వాలి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే నాంపల్లిలో బయలుదేరి మరునాడు ఉదయం న్యూఢిల్లీ చేరుతుంది. రామగుండం దాటాక గోదావరి వస్తుంది. అక్కడ బాబును కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. ఆ తరవాత స్టేషన్ల పసుపు బోర్డులు చదవమనండి. మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూర్ కాగజ్‌నగర్ దాకా బోర్డు మీద తెలుగు అక్షరాలుంటాయి, బల్లార్షా వచ్చేసరికి మాయమవుతాయి. మా అబ్బాయి ఎనిమిదేళ్ళ వయసులో ఇది తనంతట తానే కనిపెట్టి, “అమ్మా, మన అక్షరాలు దిగిపోయాయి” అన్నాడు. రాష్ట్రాల సరిహద్దుల గురించి వాడికి నేను చెప్పిన పాఠాలన్నిటికన్నా ఆ బోర్డే ఎక్కువ నేర్పింది. మధ్యాహ్నం నాగపూర్‌లో సంత్రా బర్ఫీ కొనుక్కోండి. నర్మద దాటేసరికి చీకటి పడుతుంది గాని, వంతెన మీద రైలు చప్పుడు మారుతుంది కనుక కళ్ళు మూసుకుని వినమన్నా పిల్లలకు సరదాగానే ఉంటుంది.

టిక్కెట్ల విషయంలో కొన్ని నిబంధనలు ముందే తెలియాలి. ఇప్పుడు ప్రయాణ తేదీకి 60 రోజుల ముందే రిజర్వేషన్ తెరుచుకుంటుంది. దసరా రోజుల్లో మొదటి గంటలోనే నిండిపోవచ్చు కాబట్టి ఆ తేదీని క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. అయిదేళ్ళు నిండని మీ పాపకు, బెర్తు అడగకపోతే టిక్కెట్టు అక్కర్లేదు. అయిదు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు బెర్తు వద్దంటే సగం చార్జీ, కావాలంటే పూర్తి చార్జీ. ఇరవై నాలుగు గంటలు దాటే ప్రయాణంలో పదేళ్ళ వాడికి బెర్తు లేకుండా చేయకండి. పాపకు కూడా డబ్బు పెట్టి బెర్తు తీసుకుంటే మీకూ నిద్ర ఉంటుంది. మీ అత్తగారి కింది బెర్తు గురించి మరో మాట. పెద్దవాళ్ళకు కేటాయించిన కింది బెర్తుల కోటా, వాళ్ళు ఒంటరిగా గాని పెద్దవాళ్ళిద్దరే కలిసి గాని ఒక టిక్కెట్టు మీద వెళుతున్నప్పుడే వర్తిస్తుంది; అయిదుగురి పేర్లు ఒకే టిక్కెట్టులో రాస్తే ఆ కోటా దొరకదు. ఆవిడ టిక్కెట్టు విడిగా తీస్తే కింది బెర్తుకు అవకాశం పెరుగుతుంది గాని వేరే బోగీ రావచ్చు. మోకాళ్ళ నొప్పి ఏ పాటిదో మీకే తెలుసు కాబట్టి ఏది నయమో మీరే తేల్చుకోవాలి.

ఇక వారాల లెక్క. తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవు. ఢిల్లీలో ఎర్రకోటకు, చాణక్యపురిలోని రైలు మ్యూజియానికి సోమవారం సెలవు. ఒకసారి నేను పిల్లలతో శుక్రవారం పూట తాజ్ ద్వారం దాకా వెళ్ళి నిలబడ్డాను. ముందుగా చూసుకోకపోవడం పూర్తిగా నా పొరపాటు; మా అమ్మాయి ముఖం చూడలేకపోయాను. ఆ సాయంత్రం యమున అవతలి ఒడ్డున ఉన్న మెహతాబ్ బాగ్‌కు వెళ్ళాం. అక్కడ జనం పలచగా ఉంటారు. గడ్డిలో పరిగెత్తుకుంటూనే నది మీదుగా తాజ్ వెనకవైపు చూడవచ్చు. అప్పటినుంచి ఆగ్రా వెళ్ళేవాళ్ళందరికీ ఒక సాయంత్రం అక్కడ, మరునాటి తెల్లవారుజామున తాజ్ దగ్గర గడపమని చెబుతున్నాను. ఆగ్రాలో రెండు రాత్రులు అన్నది అందుకే. తాజ్ లోపలికి తినుబండారాలు తీసుకుపోనివ్వరు, పాపకు ముందే కడుపునిండా పెట్టండి. శిల్పగ్రామ్ పార్కింగ్ నుంచి తూర్పు ద్వారం దాకా బ్యాటరీ బండ్లు నడుస్తాయి, మీ అత్తగారిని అందులో తీసుకువెళ్ళవచ్చు. పురావస్తు శాఖ కట్టడాల్లో పదిహేనేళ్ళ లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. పెద్దవాళ్ళకు తాజ్ ఆవరణలోకి 50 రూపాయలు, సమాధి ఉన్న ప్రధాన మందిరంలోకి అదనంగా 200 రూపాయలు.

జైపూర్‌లో కోటలకన్నా ముందు జంతర్ మంతర్‌కు వెళ్ళమంటాను. సూర్యుడినీ నక్షత్రాలనూ గమనించడానికి సవాయి జైసింగ్ 18వ శతాబ్దంలో కట్టించిన ఈ వేధశాల 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అందులోని సామ్రాట్ యంత్రం 27 మీటర్ల ఎత్తున్న నీడ గడియారం. ఎండ బాగా ఉన్న వేళ నీడ అంచు ఎక్కడుందో బాబుకు వేలితో గుర్తు చూపించి, అరవై దాకా లెక్కపెట్టమనండి. లెక్క ముగిసేసరికి నీడ మూడు నాలుగు వేళ్ళ వెడల్పున జరిగి ఉంటుంది. భూమి తిరుగుతోందని పుస్తకంలో చదివిన పిల్లవాడు దాన్ని కళ్ళతో చూసే చోటు అది. ఆ నీడ చూపే వేళకూ మీ చేతి గడియారానికీ తేడా ఎందుకుందని తప్పకుండా అడుగుతాడు. ఆ నీడ జైపూర్ సూర్యుడిని చూపిస్తుంది, మన గడియారాలేమో కాకినాడకు దగ్గరగా పోయే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. అరుణాచల్ తూర్పు కొసన సూర్యుడు ఉదయించిన దాదాపు రెండు గంటలకు గాని గుజరాత్‌లోని ద్వారకలో తెల్లవారదు, అయినా రెండు చోట్లా గడియారం ఒకటే. దేశం ఎంత వెడల్పో పదేళ్ళ వాడికి చెప్పడానికి ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు. ఆమేర్ కోటకు పైదాకా జీపులు వెళతాయి, మెట్ల బెంగ అక్కర్లేదు.

తిండి గురించి ఎక్కువ దిగులు పడకండి. రైల్లో మొదటి రెండు పూటలకు పులిహోర, చపాతీలు కట్టుకోండి. అక్కడ అన్నం, పెరుగు ప్రతి చోటా దొరుకుతాయి. పాపకు కారం లేకుండా ఖిచిడీ అడిగితే చేసిపెడతారు. కందిపొడి, చిన్న సీసాలో నెయ్యి వెంట ఉంటే మీ అత్తగారికీ తృప్తిగా ఉంటుంది. కోసి పెట్టిన పండ్లు, ఐసు వేసిన పానీయాలు, పానీపూరీ నీళ్ళు మాత్రం పిల్లలకు వద్దు.

జబ్బుల్లో ముందుగా తలచుకోవలసినవి విరేచనాలే. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఇక్కడినుంచే కొనుక్కెళ్ళండి, పొట్లం మీద ఎన్ని నీళ్ళు కలపమని రాసి ఉందో అన్నే కలపండి. చిన్నపిల్ల కదా అని సగం పొట్లం అరగ్లాసు నీళ్ళలో కలిపితే మేలుకన్నా కీడే ఎక్కువ. ఆ పేరుతో డబ్బాల్లో అమ్మే తీపి పానీయాలు మందు కావు. మన హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఈ విషయంపై ఏళ్ళ తరబడి పోరాడిన ఫలితంగా, అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. జ్వరం మందు, దాని మోతాదు మీ పిల్లల డాక్టరు చేత బరువును బట్టి రాయించుకుని, ఆ చీటీని ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి.

ప్రశ్న: మేము వేసవి సెలవుల్లో మూడేళ్ళ బాబుతో విమానంలో నేరుగా లేహ్ వెళ్ళాలనుకుంటున్నాం. అయిదు రోజుల్లో పాంగాంగ్ సరస్సు దాకా చూసి రావచ్చునా?
ఒక పాఠకుడు, వనస్థలిపురం

జవాబు: వద్దు. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది, లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉంది. పొద్దున ఇక్కడ బయలుదేరి మధ్యాహ్నానికి అంత ఎత్తున దిగితే, మొదటి రెండు రోజులు పెద్దవాళ్ళయినా గదిలో విశ్రాంతిగా ఉండాలి. పాంగాంగ్ 4,200 మీటర్ల పైన ఉంటుంది, దారిలో కనుమ అంతకన్నా ఎత్తు. తల నొస్తోందని మూడేళ్ళ పిల్లవాడు చెప్పలేడు. ఏడుస్తాడు, తినడు, వాంతి చేసుకుంటాడు, నిద్రపోడు. అది ప్రయాణపు బడలిక అని మీరు అనుకునే ప్రమాదముంది. అలాంటప్పుడు సరైన వైద్యం వెంటనే కిందికి దిగడమే, కాని ఆ మారుమూల రాత్రివేళ కిందికి దిగడం అనుకున్నంత తేలిక కాదు. మంచు కొండలే చూపించాలనుకుంటే 1,600 మీటర్ల లోపు ఎత్తున్న శ్రీనగర్‌లో నాలుగు రాత్రులు ఉండి, బాబు హుషారుగా ఉన్న రోజున గుల్మార్గ్ వెళ్ళి రండి. లేహ్‌కు వాడు తన ఒంట్లో ఎలా ఉందో చెప్పగలిగే వయసు వచ్చాక వెళ్ళండి.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి కుటుంబం అమెరికా నుంచి డిసెంబరు మూడోవారంలో వచ్చి మూడు వారాలు ఉంటారు. మనవరాలికి పన్నెండు, మనవడికి ఏడు. వాళ్ళకు ఢిల్లీ, ఆగ్రా చూపించాలని ఉంది. ఏమంటారు?
ఒక తాతగారు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: బాబాయ్ గారూ, ఆ నెలల్లో ఉత్తరాదిన దట్టంగా పొగమంచు పడుతుంది, రైళ్ళు, విమానాలు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి, ఢిల్లీ గాలి పిల్లల ఊపిరితిత్తులకు మంచిది కాదు. అదే సమయంలో మన దక్షిణాది ఏడాది మొత్తంలోకీ హాయిగా ఉంటుంది. హంపీకి కారులో ఒక పగటి ప్రయాణం. అక్కడ మూడు రాత్రులు ఉండి, తుంగభద్రలో పుట్టి పడవ ఎక్కించండి. ఆ రాళ్ళ గుట్టలు, విఠలాలయపు రాతిరథం పన్నెండేళ్ళ పిల్లకు తప్పక నచ్చుతాయి. తిరిగొచ్చి రెండు రోజులు ఇంట్లో కుదుటపడ్డాక కేరళకో మైసూరుకో ఒక్కదానికే వెళ్ళండి. తిరుగు టిక్కెట్టు నాలుగు రోజులు జరపగలిగితే భోగిమంటకు మీ ఊళ్ళో ఉండేలా చూడండి. పిల్లలు అమెరికా వెళ్ళి చెప్పుకునేది బహుశా దాని గురించే.

టీకాల విషయం మీ అబ్బాయికి ఇప్పుడే ఫోను చేసి చెప్పండి. హెపటైటిస్ ఎ, టైఫాయిడ్ టీకాలు పిల్లలకు పడ్డాయో లేదో అక్కడి డాక్టరుతో బయలుదేరడానికి నెలా నెలన్నర ముందే చూపించుకోవాలి. పిల్లలకు ఓసీఐ కార్డులు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చేవి) ఉంటే వెంట తెమ్మనండి. స్మారక కట్టడాలు, జాతీయ పార్కుల ప్రవేశ రుసుములోనూ దేశంలోపలి విమాన చార్జీల్లోనూ ఆ కార్డు ఉన్నవాళ్ళను మనతో సమానంగానే చూడాలన్న నిబంధన ఉంది. టిక్కెట్టు కిటికీ దగ్గర విదేశీయుల ధర అడిగితే ఆ కార్డు చూపించండి.