డబ్బా ముందు కాదు, వెనక చదువు

చిరంజీవి కిరణ్‌కి,

ఆశీస్సులు. ఇకనుంచి ఆయిల్, ఫిల్టర్లు నువ్వే కొని బయట మెకానిక్ చేత మార్పించుకుంటానన్నావు. కారుకి వారంటీ మిగిలి ఉంటే మాత్రం అది అయ్యేదాకా ఆగు. అయిపోయి ఉంటే, ఇది చదివాక షాపుకి వెళ్లు.

నీది ఒక లీటరు, మూడు సిలిండర్ల డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ని నేరుగా సిలిండర్లోకే చిమ్మే) టర్బో పెట్రోల్. టర్బో అంటే ఒక సన్నటి ఇరుసు, దానికి చెరోవైపు ఒక చక్రం. ఒకదాన్ని ఇంజన్ నుంచి వచ్చే పొగ తిప్పుతుంది, రెండోది ఇంజన్‌లోకి గాలిని కుక్కుతుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్షన్నర చుట్లు పైనే తిరుగుతుంది. చాలా కార్లలో దానికి బాల్ బేరింగులు ఉండవు, వెంట్రుక కన్నా పల్చటి ఆయిల్ పొర మీద తేలుతుంది. అటు పక్కన పొగ వేడి గట్టిగా తోలినప్పుడు 900 డిగ్రీల దాకా పోతుంది. మామూలు ఇంజన్‌లో నాసిరకం ఆయిల్ పోసినా కొన్నేళ్లు లాక్కొస్తుంది. టర్బో అలా ఊరుకోదు.

బండి ఆపగానే ఆయిల్ పంపు ఆగిపోతుంది, టర్బో వేడి మాత్రం ఆగదు. లోపల మిగిలిన ఆయిల్ అక్కడే మాడుతుంది. గారెలు వేయించిన మూకుడు అంచున నల్లగా గట్టిపడే నూనె చూశావు కదా, అదే ఇక్కడ టర్బోకి ఆయిల్ తెచ్చే సన్నటి పైపులో పేరుకుంటుంది. పైపు ఇరుకైతే ఇరుసుకి ఆయిల్ అందదు, బేరింగు అరిగిపోతుంది. మినరల్ ఆయిల్ తొందరగా ఆవిరవుతుంది, తొందరగా మాడుతుంది, అందుకే సింథటిక్ కావాలి. ఈ ఆవిరి లెక్కకి నోయాక్ అనే పరీక్ష ఉంది: 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి ఎంత తగ్గిందో చూస్తారు. అమెరికా ప్రమాణాల్లో 15 శాతం వరకు, యూరప్ ప్రమాణాల్లో సీ3 అనే రకానికి 13 శాతం వరకు ఒప్పుకుంటారు. కంపెనీ వెబ్‌సైట్లో ఆ ఆయిల్ డేటా షీటు దొరికితే ఈ అంకె చూడు.

డబ్బా ముందు పెద్దక్షరాల్లో ఉండే ‘ఫుల్లీ సింథటిక్’ అన్న మాటని చూసి మాత్రం కొనకు. బాగా శుద్ధి చేసిన క్రూడు నుంచి తీసిన గ్రూప్ 3 నూనెనీ, రసాయనాలతో కొత్తగా కట్టిన పీఏఓ అనే నూనెనీ రెండింటినీ ఆ పేరుతోనే అమ్ముతారు. ‘సెమీ’ అన్నదాంట్లో సింథటిక్ పాలు ఎంతో డబ్బా మీద రాయరు. అసలు సంగతంతా వెనక చిన్నక్షరాల్లో ఉంటుంది. కారు మాన్యువల్ చివర్లో ఆయిల్ పేజీ తీసి, అక్కడున్న గ్రేడూ (5డబ్ల్యూ-30 లాంటిది: ముందు అంకె చలిలో, వెనక అంకె వేడిలో చిక్కదనం చెబుతుంది), అమెరికా ప్రమాణమైన ఏపీఐ లేదా యూరప్ ప్రమాణమైన ఏసీఈఏ కోడూ, కంపెనీ సొంత నంబరు ఉంటే అదీ కాగితం మీద రాసుకుని షాపుకెళ్లు. మూడూ డబ్బా వెనక కనబడాలి. కంపెనీ నంబరు దగ్గర ‘అప్రూవ్డ్’ అని ఉంటే పరీక్షించి ఒప్పుకున్నారని అర్థం. ‘సూటబుల్ ఫర్’ అని ఉంటే అది ఆయిల్ కంపెనీ తనంతట తాను చెప్పుకున్న మాట.

గ్రేడు ఒకటే చాలదనడానికి కారణం ఉంది. 5డబ్ల్యూ-30 అని రాసి ఉన్న రెండు డబ్బాలు ఒకటి కావు. ఆయిల్‌ని 150 డిగ్రీల వేడిలో, బేరింగులో నలిగినంత గట్టిగా నలిపి, అప్పుడు చిక్కదనం ఎంత నిలిచిందో కొలుస్తారు. దాన్ని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. 30 గ్రేడుకి అది 2.9 ఉంటే చాలు. అదే డబ్బా మీద ఏసీఈఏ సీ3 కూడా ఉంటే 3.5కి తగ్గకూడదు. మాన్యువల్ సీ3 అడిగితే ఇంకో 5డబ్ల్యూ-30 పోయడం తప్పే. దానికన్నా పల్చగా ఉండొచ్చే సీ2 రకం అడిగిన ఇంజన్లో సీ3 పోస్తే అంత నష్టం లేదు, మైలేజీ కాస్త తగ్గుతుంది.

‘మన ఎండలకి 20డబ్ల్యూ-50 పొయ్యండి సార్’ అనే మాట ఆటోనగర్‌లోనూ వినిపిస్తుంది, రాణిగంజ్‌లోనూ వినిపిస్తుంది. పాత అంబాసిడర్‌కి అది సరిపోయేదేమో. రామగుండం ఎండ 46 డిగ్రీలైనా, ఊటీ చలి 10 డిగ్రీలైనా, ఇంజన్ వేడెక్కాక సంపులో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) ఆయిల్ నూరు డిగ్రీలకి అటూ ఇటూ ఉంటుంది. చిక్కటి ఆయిల్ పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు టర్బో దాకా ఆలస్యంగా చేరుతుంది, వాల్వ్ టైమింగు మార్చే సన్నటి దారుల్లో నెమ్మదిస్తుంది. అలాగని మైలేజీ కోసం, 5డబ్ల్యూ-40 అడిగిన ఇంజన్లో 0డబ్ల్యూ-20 పోయడం ఇంకా పెద్ద పొరపాటు.

నీ బండికి ఏపీఐ ఎస్పీ కన్నా పాతది వద్దు. 2020లో వచ్చిన ఈ ప్రమాణంలో డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోలకి పట్టుకునే ఒక రోగానికి పరీక్ష ఉంది. తక్కువ ఆర్‌పీఎంలో, పై గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు, సిలిండర్ గోడ మీది ఆయిల్, పెట్రోల్ కలిసిన బొట్టు ప్లగ్గు మెరుపు కన్నా ముందే అంటుకుంటుంది. ఆ దెబ్బకి పిస్టన్ రింగుల మధ్య గట్టు విరగొచ్చు. పాత ఆయిళ్లలో కాల్షియం డిటర్జెంటు ఎక్కువ ఉండటం దీన్ని పెంచుతుందని తేలాక, అందులో కొంత తీసి మెగ్నీషియం కలుపుతున్నారు. అయితే ఆయిల్ ఎంత మంచిదైనా, ఫ్లైఓవర్ ఎక్కుతూ ఐదో గేరులో 1,300 ఆర్‌పీఎం దగ్గర తొక్కి పట్టకు, గేరు దించు. ఎస్పీ తర్వాత 2025లో ఎస్‌క్యూ వచ్చింది, అది దొరికినా తీసుకోవచ్చు.

మీ అక్కావాళ్ల బీఎస్6 డీజిల్‌కి లెక్క వేరు. దాని సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. మసి అందులో చేరి అప్పుడప్పుడూ కాలిపోతుంది, కానీ ఆయిల్లో కలిపే మందుల నుంచి వచ్చే బూడిద కాలదు, ఎప్పటికీ అక్కడే ఉంటుంది. సీ2, సీ3 ఆయిళ్లలో బూడిద 0.8 శాతం మించదు. యూరప్‌దే ఇంకో రకం ఏ3/బీ4లో దానికి రెట్టింపు దాకా ఉండొచ్చు. లారీలకి పోసే సీఐ-4 ప్లస్ చవగ్గా దొరుకుతుందని ఆ బండిలో పోస్తే డీపీఎఫ్ ఖర్చు ఆయిల్ మీద మిగిల్చిన డబ్బుకి ఎన్నో రెట్లు. ఇంకోటి, ఊళ్లోనే చిన్నచిన్న దూరాలు తిరిగితే మసి కాల్చడానికి వదిలిన డీజిల్ ఆయిల్‌లోకి జారుతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతుంటే సంతోషించొద్దని చెప్పు. గరిష్ఠ గీత దాటితే వెంటనే మార్చాలి.

నీ స్నేహితుడెవరైనా 1.0 ఎకోబూస్ట్ ఎకోస్పోర్ట్ సెకండ్ హ్యాండ్‌లో చూస్తుంటే, అందులో టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే తడుస్తూ తిరుగుతుందని చెప్పు. తప్పుడు ఆయిల్‌కి ఆ రబ్బరు పెచ్చులూడి ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడుతుంది.

ఇక ఫిల్టర్. మూడున్నర, నాలుగు లీటర్ల ఖరీదైన ఆయిల్ పోసి, ఫిల్టర్ దగ్గర వంద రూపాయలకి బేరమాడేవాళ్లని ఏమనాలి! కంపెనీ ఫిల్టరో, లేదా కంపెనీలకి సరఫరా చేసే పేరున్న తయారీదారుదో కొను. గుండ్రటి డబ్బా ఫిల్టర్లలో చాలావాటి లోపల రెండు వాల్వులుంటాయి. ఒకటి బండి ఆపాక ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు పొర. మామూలు నల్ల రబ్బరైతే వేడికి బిరుసెక్కుతుంది, సిలికాన్‌ది నిలుస్తుంది. అది పోతే పొద్దున స్టార్ట్ చేయగానే కొన్ని క్షణాలు గలగల చప్పుడు వస్తుంది, ఆ క్షణాల్లో టర్బో ఎండుగా తిరుగుతోందన్నమాట. రెండోది బైపాస్ వాల్వు. ఫిల్టర్ మూసుకుపోతే అది తెరుచుకుని వడపోత లేకుండానే ఆయిల్ వదిలేస్తుంది. ఈసారికి పాత ఫిల్టర్ ఉంచేద్దాం అనుకోవద్దన్నది అందుకే.

ఎయిర్ ఫిల్టర్ సంగతి చాలామంది వదిలేస్తారు. క్వారీ లారీలు తిరిగే రోడ్ల మీద, పొలం దార్ల మీద తిరిగే బండికి ఐదు వేల కిలోమీటర్లకోసారి తీసి చూడు. లోపలికి పోయిన ఇసుక రేణువు గాలి కుక్కే చక్రం రెక్కల అంచుల్ని ఆకురాయిలా అరగదీస్తుంది, తర్వాత ఆయిల్‌లో కలిసి బేరింగుల్ని గీస్తుంది. కంప్రెసర్ గాలి గట్టిగా కొడితే కాగితానికి కనబడని చిల్లులు పడతాయి. మెల్లగా తట్టు, అప్పటికీ మురికిగా ఉంటే మార్చు. నూనె పూసిన కాటన్ ఫిల్టర్లు పెట్టకు, ఆ నూనె గాలి కొలిచే సెన్సార్ మీద చేరొచ్చు.

మార్చేటప్పుడు పక్కనే నిలబడు. ఇంజన్ గోరువెచ్చగా ఉండాలి. డ్రెయిన్ ప్లగ్గు వాషరు కొత్తది వేయించు. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుపోయిందేమో వేలితో తడిమి చూడు. దాని మీద కొత్తది బిగిస్తే రోడ్డు మీద ఆయిలంతా కారిపోతుంది. కొత్త రింగుకి కాస్త ఆయిల్ రాసి, తగిలాక చేత్తో ముప్పావు చుట్టు చాలు. పానాతో బిగించనీయకు. కాగితం లోపల పెట్టే రకమైతే మూతకి ఓ-రింగు కొత్తది వేసి, మూత మీద రాసి ఉన్న టార్కుకే (బిగింపు బలానికే) బిగించాలి.

మాన్యువల్‌లో చెప్పిన దానికి అర లీటరు తక్కువ పోసి, స్టార్ట్ చేసి, ఆయిల్ దీపం ఆరాక ఒక నిమిషం తొక్కకుండా ఉంచి, ఆపి పది నిమిషాల తర్వాత చూడు. అప్పుడు కొంచెం కొంచెం కలుపుకుంటూ గరిష్ఠ గీతకి కాస్త కిందే ఆపు. ‘ఒక గుక్క ఎక్కువుంటే మంచిదే’ అన్నది టర్బోకి వర్తించదు. టర్బో నుంచి ఆయిల్ సంపులోకి దానంతటదే కిందికి జారాలి. మట్టం ఎక్కువైతే ఆ దారి మూసుకుని సీళ్ల పక్కనుంచి బయటికి తన్నుకొస్తుంది. నీలం పొగ చూసి టర్బో పోయిందంటారు, బాగున్న టర్బో మారుస్తారు.

ఎప్పుడు మార్చాలన్నది కిలోమీటర్లతోనే కొలవకు. గంటకి 60 సగటున హైవే మీద 10,000 కిలోమీటర్లంటే 167 గంటలు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో 20 సగటున అదే దూరం 500 గంటలు. నీ తిరుగుడంతా సిటీలోనే కాబట్టి మాన్యువల్ 10,000 అంటే నువ్వు 6,000కే మార్చు, తక్కువ తిరిగినా ఏడాది దాటనీయకు. సీసాల్లో అమ్మే ‘ఇంజన్ శక్తి పెంచే’ మందులేవీ కలపకు. అరకు ఘాటు ఎక్కి దిగకుండా మధ్యలో ఆపినా, హైవే మీద వేగంగా వచ్చి ధాబా దగ్గర ఆపినా, ఒక నిమిషం ఇంజన్ ఊరికే తిరగనిచ్చి కట్టెయ్.

నకిలీ ఆయిల్ మామూలు విషయం. బిల్లిచ్చే షాపులోనే కొను, మూత రింగు తెగలేదని చూడు, బ్యాచ్ నంబరు ఉందో లేదో చూడు. వాడేసిన డబ్బాకి మేకుతో చిల్లు పొడిచి పారెయ్, లేకపోతే అదే మళ్లీ నిండి షాపుకొస్తుంది. పాత ఆయిల్ మురిక్కాలువలో పోయించకు, సేకరించే గ్యారేజీలకే ఇప్పించు.

డబ్బా కొన్నాక సీలు తీయకముందే వెనక లేబులు, మాన్యువల్ పేజీ రెండూ ఫొటో తీసి నాకు పంపు.

మీ పెదనాన్న