కింగ్స్ అవార్డుకు దరఖాస్తు పెట్టే ముందు

లెస్టర్

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

ఇక్కడ బ్రిటన్‌లో కంపెనీలకు రాజు పేరు మీద ఇచ్చే కింగ్స్ అవార్డు కోసం నీ కంపెనీ తరఫున దరఖాస్తు పెట్టాలనుకుంటున్నావని మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. ఎంత సంతోషం కలిగిందో! ఇక్కడ ఒక చిన్న పరికరాల కర్మాగారంలో ఇరవై రెండేళ్లు లెక్కలు రాశాను. అందులో ఈ దరఖాస్తు రెండుసార్లు నా చేతుల మీదుగా వెళ్లింది. ఒకసారి అవార్డు చేజారిపోయింది, ఒకసారి వచ్చింది. చేజారినప్పుడు తెలిసినదే నీకు ఎక్కువ పనికొస్తుంది, అందుకే ముందు అది చెబుతాను.

మేము పెట్టింది అంతర్జాతీయ వాణిజ్య విభాగంలో, మూడేళ్ల లెక్కలతో. మొదటి ఏడాది ఎగుమతులతో పోలిస్తే మూడో ఏడాదివి దాదాపు రెట్టింపు. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని అందరం మురిసిపోయాం. మధ్య ఏడాదిలో ఒక పెద్ద ఆర్డరు వాయిదా పడి అమ్మకాలు కాస్త తగ్గాయి. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా. కానీ అవార్డు నిర్ణయించేవాళ్లు అడిగేది ఏటికేడు పెరుగుదల. మధ్యలో ఒక్క మెట్టు కుంగినా నిచ్చెన నిలవదు. మా దరఖాస్తు అక్కడే ఆగిపోయింది. ఒక్క ఏడాది ఓపిక పట్టి, ఆ తగ్గిన ఏడాదినే మొదటి మెట్టుగా పెట్టుకుని ఉంటే సరిపోయేది. రెండోసారి సరిగ్గా అదే చేశాం.

కాబట్టి నాయనా, ఫారం తెరవకముందే నీ లెక్కల పుస్తకాలు తెరువు. మూడేళ్ల దారిలో వెళ్లాలంటే మొదటి ఏడాదికే విదేశీ అమ్మకాలు కనీసం లక్ష పౌండ్లు ఉండాలి. నిలకడగా ఎదిగిన కంపెనీలకు ఆరేళ్ల దారి వేరుగా ఉంది. నీకు ఏది కుదురుతుందో ఊహించుకోవద్దు, కాగితం మీద రాసి చూడు. ఏ దేశానికి ఎంత వెళ్లిందో, ఏ ఇన్వాయిసు ఏ ఆర్థిక సంవత్సరంలో పడిందో విడివిడిగా రాయి. తుది వడపోతకు చేరితే ఆ అంకెలను బయటి అకౌంటెంటు ధ్రువీకరించాలి. ఆయన ముందు తడబడటం కంటే ఇప్పుడు నీ వంటింటి బల్ల దగ్గర తడబడటం నయం.

ఇంకొక మాట, లెక్కలు రాసిన మనిషిగా చెబుతున్నాను. 2016 జూన్‌లో ఐరోపా సమాఖ్య నుంచి బయటికి రావాలని ఇక్కడి ఓటర్లు తేల్చాక పౌండు విలువ బాగా పడిపోయింది. డాలర్లలో అమ్మేవాళ్లకు, సరుకు అంతే వెళ్లినా, పౌండ్లలో అమ్మకాలు పెరిగినట్టు కనిపించాయి. నీ లెక్కల్లో కూడా అలాంటి పెరుగుదల ఎక్కడైనా ఉంటే దాచకు. అమ్మకాల పక్కనే ఎన్ని పరికరాలు అమ్మావో రాయి. అనుభవం ఉన్నవాళ్లు ఆ తేడా ఎలాగూ పట్టేస్తారు. నువ్వే ముందుగా చెబితే నీ మీద నమ్మకం పెరుగుతుంది.

విభాగాలు నాలుగు ఉన్నాయి: అంతర్జాతీయ వాణిజ్యం, నూతన ఆవిష్కరణ, సుస్థిర అభివృద్ధి, వెనుకబడిన నేపథ్యాల వారికి అవకాశాలు కల్పించడం. నీ నీటి పరీక్ష పరికరం చూస్తే ఆవిష్కరణ వైపు మనసు లాగుతుందని తెలుసు. కానీ అది కనీసం రెండేళ్లు మార్కెట్లో ఉండాలి, పెట్టిన డబ్బు తిరిగి వచ్చిందని గానీ, ఎలా వస్తుందో గానీ చూపించాలి. నీ కొత్త మోడలు వచ్చి ఏడాదే అయింది కదా. దాన్ని పక్కన పెట్టి ఎగుమతుల మీదే నిలబడమంటాను.

ఏ విభాగమైనా సరే, ఉద్యోగులను, ఊరిని, పర్యావరణాన్ని ఎలా చూసుకుంటున్నావని కూడా అడుగుతారు. చాలామంది ఈ భాగాన్ని చివరి రాత్రి నింపుతారు, మొదటిసారి మేము కూడా అంతే. రెండోసారి లేతు యంత్రం దగ్గర పనిచేసే పెద్దాయనను కూర్చోబెట్టి, ఆయన చేతి కింద ఎంతమంది కుర్రాళ్లు పని నేర్చుకున్నారో అడిగాను. వేళ్ల మీద లెక్కపెడుతూ తొమ్మిది మందిని చెప్పాడు. అందులో నలుగురు ఇంకా మా దగ్గరే ఉన్నారు. ఆ సంగతి ఉన్నదున్నట్టు రాశాను. నువ్వు కూడా నీ దగ్గర పనిచేసే వాళ్లను అడుగు. కంపెనీ గురించి నీకు తెలియని మంచి సంగతులు వాళ్లకు తెలుసు.

పన్ను రిటర్నులు సకాలంలో వేశావా? ప్రభుత్వ శాఖల ద్వారా కంపెనీ నడతను విచారిస్తారు. బకాయిలు, భద్రతా నిబంధనల ఉల్లంఘనలు ఏమైనా ఉంటే ముందు వాటిని చక్కబెట్టు. దరఖాస్తుకు రుసుము లేదు. అవార్డు ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లు వస్తే గడప దగ్గరే పంపించెయ్యి.

మీ నాన్న దీన్ని రాజుగారి ఇంటికి సరుకు సరఫరా చేసే కంపెనీల గుర్తింపు అనుకుంటున్నాడు. అది రాయల్ వారంట్, పూర్తిగా వేరు. ఇది 1965లో రాణి ఎలిజబెత్ పేరు మీద పరిశ్రమల కోసం మొదలైంది, మరుసటి ఏడాది తొలి అవార్డులు ఇచ్చారు. 2023 నుంచి రాజు చార్లెస్ పేరు మీద ఇస్తున్నారు. ప్రధానమంత్రి సలహా మీద రాజు ఆమోదిస్తారు. గెలిస్తే ఆ చిహ్నాన్ని ఐదేళ్లు కంపెనీ కాగితాల మీద, పెట్టెల మీద వాడుకోవచ్చు. కొత్త దేశంలో నీ పేరు ఎవరూ వినని చోట, పెట్టె మీద ఆ చిహ్నం చూసి కొనేవాడు ఒక్క క్షణం ఆగుతాడు. మా అమ్మకాల కుర్రాళ్లు ఆ సంగతి ఎన్నోసార్లు చెప్పారు.

అవార్డు అందించడానికి రాజప్రతినిధి అయిన లార్డ్ లెఫ్టినెంట్ మా కర్మాగారానికే వచ్చారు. అవార్డుగా ఇచ్చే స్ఫటిక పాత్రను ఎవరు అందుకోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు యజమాని లేతు దగ్గరి పెద్దాయనను ముందుకు పిలిచాడు. ఆయన చేతులను రెండుసార్లు సబ్బుతో కడుక్కుని వచ్చినా గోళ్ల అంచుల్లో నూనె మరక అలాగే ఉంది. పాత్ర అంచుకు వేళ్లు తగలకుండా అడుగున అరచేతులు పెట్టి పట్టుకున్నాడు. ఆ చేతులు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంటాయి. నీ రోజు వస్తే ఎవరి చేతికి ఇవ్వాలో ఇప్పుడే ఆలోచించుకో.

దరఖాస్తులు మే నెల మొదట్లో తెరిచి సెప్టెంబరులో మూసేస్తారు. ఫారం ఆన్‌లైన్‌లోనే, కొంచెం కొంచెంగా నింపి దాచుకోవచ్చు. ఆగస్టు సెలవుల్లో ఎవరూ దొరకరు కాబట్టి జూలైలోగా అంకెలన్నీ తేల్చుకో. గెలిచినవాళ్లకు ప్రకటన కంటే ముందే రహస్యంగా తెలియజేస్తారు, అప్పుడు మీ నాన్నకు మాత్రం చెప్పకు. ఆయన నోట్లో మాట దాగదు.

వచ్చే శనివారం మూడేళ్ల అమ్మకాల వివరాలు నెలవారీగా అచ్చు వేయించుకుని మా ఇంటికి రా. ఎర్ర పెన్సిలు నా దగ్గర ఉంది.

ఆశీస్సులతో,
అత్తయ్య